అమెరికా కుర్చీ మీద వాతలు

1961, పెనుకొండ. ఓబులేసు ఇంటి పడసాలలో పాత తోలు కుర్చీలు ఎనిమిది. వాటిలో ఎవరినీ కూర్చోనివ్వడు, తనూ కూర్చోడు. ఎనిమిదోదాని తోలు ఓ మూల చినిగితే, ఈ ఊరి పేటలోనే పుట్టి, ఇప్పుడు హిందూపురంలో చెప్పులు కుట్టే ఈరప్పను పిలిపించాడు.

"చెయ్యి తీయ్‌రా! యెట్ల పడితే అట్ల పీకొద్దు. దాని వయసు నీకేం తెలుసు?"

"చూడకుండా యెట్ల కుట్టల్ల సామీ? పండ్ల డాక్టరైనా నోరు తెరవమంటాడు గదా."

"రెండు నూర్ల ఏండ్ల నాటి కుర్చీరా ఇది. అమెరికాను ఇంగ్లీషోళ్లు ఏలేటప్పుడు చేసింది. మన పాదిరి దొర తాతముత్తాతలు కూర్చున్యారు దీంట్లో. ఆయన బంగళా ఖాళీ చేసి పోయేటప్పుడు నేను కొన్యా."

"అన్నేండ్లు కూర్చుంటే చినగదా మరి. ఆ పక్కది?"

"ధర్మవరం రైల్వే దొరది. దాన్ని ముట్టుకోవద్దు."

"ఎనిమిది కుర్సీలు పెట్టుకోని మీరు నిలబడే ఉండారేం సామీ?"

"ఇవి కూర్చునేవి కావురా, చూసేవి. నోరు మూసుకోని ఇను. శుక్రవారం బెంగుళూరు నుంచి ఒక అమెరికా దొరసాని వస్తాంది. ఇట్లాటి కుర్చీల మింద పుస్తకం రాస్తాంది. ఫోటో చూసి, కొయ్య పాతదేనని జాబు రాసింది. తోలు గూడా మొదటిదే అయితే నా పేరు అచ్చేస్తాదంట. అందుకే తోలు మార్చకుండా కుట్టల్ల."

"మొదటిదేనా?"

"కాక? ఇదో, ఈ మూడు గీతలు చూడు. కంపెనీ ముద్ర. అమెరికా ముద్ర!"

"హిహిహి! ముద్రా సామీ?"

"ఏందిరా నగుతాండావు?"

"ఏం లేదు సామీ. సూది గుచ్చుకున్యాది."

"సూది ఇంగా సంచిలోనే ఉండాది గదరా!"

"సామీ, దొరసానిని రావద్దని జాబు రాయండి."

"ఎందుకు?"

"అవి వాతలు సామీ. ఎద్దుకు కడుపుబ్బరమొస్తే కడ్డీ కాల్చి పెడతారే, ఆ వాతలు. పాదిరి దొర బంగళాలో ఉండేటప్పుడే అమెరికా తోలును ఎలకలు కొరికేసింటే, మా నాయన ఈ తోలేసి మేకులు కొట్టినాడు."

"యెవురి ఎద్దు?"

"యెవురిదో లే సామీ. సూది తీస్తాండా."

"యెవురిదిరా?"

"మీదే. మైలెద్దు."

"థూ! అబద్ధం! మైలెద్దును మా నాయన చేన్లో పూడ్చి గోరీ కట్టించినాడు. ఏటేటా టెంకాయ కొడతాండాం. ఊరంతా వచ్చి మొక్కుకుంటాది!"

"మొక్కుకోనీ సామీ. మొక్కితే తప్పేముండాది?"

"అంటే... తోలు ఒలిచి పూడ్చినారా?"

"ఊ. తోలైతే ఒలిచినాం."

"పూడ్చినారా అంటాండా!"

"ఆ ఏడు కరువు సామీ. మీరు ఉయ్యాల్లో ఉండారు. నాకు పదైదేండ్లు. మా పేటలో గంజినీళ్లు గూడా లేవు. పిల్లోళ్లు..."

"తిన్యారా?"

"ఆకలి సామీ."

"తిన్యారా రా!"

"నాలుగు దినాలు. పేటంతా."

"దొంగ నాకొడుకులారా! మా నాయన కండ్లు గప్పి..."

"మీ నాయనే పిలిచినాడు సామీ. 'తోలూ కండా మీరు తీసుకోండి, బతకండి. గోరీ సంగతి నాకొదిలేయండి, యెవురితోనూ అనొద్దు' అన్యాడు. గుంతలో రాళ్లేసి మన్ను కప్పింది మా నాయన. పక్కన నిలబడి గోవిందా అన్నది మీ నాయన."

"మా నాయనా? పిడికెడు రాగులు ఇంకోనికి పెట్టనోడు?"

"రాగులు పెట్టలేదు సామీ. ఎద్దును పెట్టినాడు."

"అయితే ఇన్నేండ్లు నేను టెంకాయ కొట్టింది రాళ్లకేనా!"

"సామీ? కుట్టల్లనా, పోవల్లనా?"

"కుట్టొద్దులే ఈరప్పా."

"మరి దొరసాని?"

"రానీ. కొయ్య మీది, తోలు మాది అని చెప్తా. పుస్తకంలో ఏసుకుంటే ఏసుకుంటాది, లేకుంటే పోతాది. లెయ్, నువ్వు కింద కూర్చోవద్దు. పైకి కూర్చో."

"యాడ?"

"ఈడనే. కుర్చీలో."

"వద్దు సామీ."

"యెవురన్నా చూస్తారనా? చూడనీ. నేనే చెప్తాండా గదప్పా, కూర్చో!"

"చూస్తారని కాదు సామీ. దాన్ని తిని బతికినోణ్ని నేను. దాని మింద యెట్ల కూర్చుంటా?"