నైట్రేటుకి మూడు బొమ్మలు

ఏంటే సున్నివా, భోంచేసిన దగ్గర్నుంచీ ఆ కాగితం మీద చుక్కలు పెడుతూ కూర్చున్నావు? నైట్రేటా! ఇలా తే, చూడనీ. ఒక్క బొమ్మే గీసి వదిలేశావేం? మీ నానమ్మ ఉంటే చెవి మెలిపెట్టేది. నవ్వకు. ఆవిడకి ట్రాన్‌హైమ్ ఇంజినీరింగు కాలేజీలో సీటొచ్చిందే దీని మీద. కొంచెం కాఫీ పొయ్యి, చెప్తాను.

మాది ఎరువుల ఫ్యాక్టరీ ఊరు కదా, మా నాన్నల చొక్కాలకి కూడా ఆ వాసనే. కానీ నైట్రేటు బొమ్మ గీయడం నేర్పింది మాత్రం బడిలో కెమిస్ట్రీ చెప్పే ట్వైటేన్ మాస్టారు. మనిషి పొడుగు, ప్యాంటు పొట్టి. ఏం చెప్పినా తిప్పి తిప్పి మంచు మీద జారే స్కీల దగ్గరికి తెచ్చేవాడు. "నడుమ నైట్రోజన్, చుట్టూ మూడు ఆక్సిజన్లు. జంట బంధం ఒక్కటే ఉంది, ఎవరికిస్తార్రా?" అనేవాడు. మళ్ళీ తనే చెప్పేవాడు: "ముగ్గురన్నదమ్ములకి ఒకటే స్కీల జత అనుకోండి. ఇవాళ వాడు, రేపు వీడు. వంతులు! అందుకే మూడు బొమ్మలు." ఇట్టే అర్థమైపోయేది. మా ఇళ్ళల్లో జరిగేదే కదా! మా అన్నయితే నా వంతు రోజు తెల్లారకుండానే స్కీలు పట్టుకుని పారిపోయేవాడు, దొంగవెధవ. సరే, ఎక్కడున్నాం?

ఆఁ, బడి ఆఖరి ఏడాది నోటి పరీక్ష. బయటి ఊరి నుంచి ఒకాయన వచ్చి ప్రశ్నలేస్తాడు, మన మాస్టారు పక్కన కూర్చుంటాడు. తర్వాతి వంతు నాదని నన్ను వెనక బెంచీలో కూర్చోబెట్టారు. బోర్డు దగ్గర ఆస్లౌగ్, అదే మీ నానమ్మ. మంచి మార్కొస్తే ట్రాన్‌హైమ్, లేకపోతే ఫ్యాక్టరీ ఆఫీసులో టైపు కొట్టుకోవడం. వాళ్ళ నాన్న అక్కడ మాట్లాడేసి కూడా వచ్చాడు. మూడు బొమ్మలూ ముచ్చటగా గీసింది. "వీటిలో ఏది మెరుగమ్మా?" అన్నాడు బయటాయన. "ఏదీ కాదండి, మూడూ సమానమే." "సరే, ఈ నిమిషంలో ఆ జంట బంధం ఏ ఆక్సిజన్ దగ్గరుంది?"

నేను వెనకనుంచి "వంతులు, వంతులు" అని పెదాలు ఆడిస్తున్నాను. పుస్తకాల పురుగు కదా, అది తప్పని ఆవిడకి తెలుసు. వంతులంటే మార్కు పోతుంది, కాదంటే పక్కనున్న మాస్టారి పరువు పోతుంది. అయినా మెల్లిగా అంది: "వంతులేం లేవండి. అది ఎక్కడికీ వెళ్ళదు, రాదు. ముగ్గురి దగ్గరా ఎప్పుడూ సమానంగానే ఉంటుంది. ఒక్క బొమ్మలో చూపించలేక మూడు గీస్తాం." ఆయన కళ్ళజోడు తీసి, "మీ మాస్టారు అలాగే చెప్పారా?" అన్నాడు. అప్పుడు ట్వైటేన్ మాస్టారే, చెవులెర్రగా, "లేదండీ, నేను వంతులనే చెప్పాను. ఇన్నేళ్ళూ అదే చెప్పాను. అమ్మాయి చెప్పిందే నిజం. మార్కు వెయ్యండి" అన్నాడు. తర్వాత నన్ను పిలిచి అదే ప్రశ్న వేశారు. అంతా విన్నానా, అయినా కంగారులో "స్కీలు" అన్నాను. నవ్వు, నవ్వు. వాళ్ళూ అలాగే నవ్వారు.

బయట వరండాలో మాస్టారు, "ఇంక ఆ స్కీల కథ మానేస్తానమ్మా" అన్నాడు. "మానకండి మాస్టారూ, అది విన్నాను కాబట్టే తప్పెక్కడుందో వెతుక్కున్నాను" అంది. ఆ తర్వాత ఆయన ప్రతి క్లాసుకీ స్కీల కథ చెప్పి, "ఇందులో తప్పేంటో పట్టుకోండి" అనేవాడట.

మా పెళ్ళయ్యాక ఆ తప్పులు పట్టడం నా మీదకొచ్చిందనుకో. నేనెవరికైనా ఏదైనా చెప్తుంటే చాలు, వంటింట్లోంచి "అలా కాదు!" అని కేక. ఎంత విసుక్కునేవాణ్ణో. ఇప్పుడేం చెప్పినా అందరూ "అవును తాతా" అంటారు. నువ్వూ ఇందాకట్నుంచీ తలూపుతూనే ఉన్నావు. ఇందులో సగం తప్పే అయ్యుంటుందే పిచ్చిదానా. నాకెవరు చెప్తారు...

వాన మొదలైనట్టుంది. ఆ కిటికీ వెయ్యి.