ఆగు బిడ్డా, దారం తెగింది

“అమ్మమ్మా, మా టీవీ సీరియల్ల నవ్విచ్చే ముసలామె యేషం నాకే ఇచ్చిండ్రు. నీ లెక్క మాట్లాడుత, నీ లెక్క నడుస్త. చెయ్యన్నా?”

నా లెక్కనా? ఓ పిల్లా... నన్ను జూస్తే నవ్వొస్తదానే నీకు? రావచ్చు తియ్యి, పండ్లు లేని నోరాయె. జర గా ఫ్యాను తగ్గియ్యి, నా మాట నాకే ఇనవడుతలేదు. కూసో. నువ్వు అడిగినవ్ సూడు, గక్కడ్నే నా పాణం చివుక్కుమన్నది. నేను అడగలే. గదీ ముచ్చట. మీ అమ్మకు సుత చెప్పలే ఇంతవరకు, షరమై.

నేను నాటకాలల్ల ఏసిన్నని ఎరుకే గదా. ఫోటో సుత ఉండె, చెదలు దిన్నది. రాణి యేషమో సీత యేషమో అనుకున్నవేమో, కాదు. నవ్విచ్చేదాన్ని. పెద్ద కథ నడుమ జనం లేచి పోకుంట ఒక ఇంటి ముచ్చట వెడుతుండె మా మేనేజరు. మొగడు, పెండ్లాం, ఇంటిపక్క ఆమె. గిప్పుడు మీ సీరియల్ల వస్తలేదా, అచ్చం గట్లనే. గా ఇంటిపక్క ఆమె నేను.

రజాకార్ల గడబిడ సల్లవడ్డ రెండేండ్లకు మా బాపు పోయిండు. రెండు కాదు, మూడేండ్లకు, మా తమ్మునికి పుట్టెంటికలు తీసిన యేడు. మాది సాలోళ్ల ఇల్లు. మగ్గం ఉన్నది, నేసేటోడు లేడు. నన్ను కన్న అవ్వ ఊరోళ్లకు కండెలు సుట్టేది. కండె అంటే ఎరుకేనా? మగ్గం మీద అటిటు ఉరికే నాడెల వెట్టేటందుకు దారం సుట్టిన పుల్ల. కుడిచేత్తోని రాట్నం తిప్పాలె, ఎడమచేత్తోని దారం వట్టాలె, తెగితే కొసను నోట్లె తడిపి కలపాలె. పొద్దంత గదే పని. గందుకని మా అవ్వ నోట్లె ఎప్పటికి దారం కొస ఉండేది, మాట ఒక పక్క నుంచే వచ్చేది. ఎవలు ఏమడిగినా ముందుగాల “ఆగు బిడ్డా, దారం తెగింది” అనేది, ఎనుక జవాబు చెప్పేది. రాట్నం కాడ లేకున్నా, పెండ్లిల కూసున్నా, కుడిచెయ్యి ఒళ్లె గుండ్రంగ తిరుగుతుండె. ఆమెకు ఎరుకనే లేదు.

నాటకం కంపెనోళ్లు నన్ను తీస్కపోతమన్నప్పుడు కులపోళ్లంత అడ్డం వడ్డరు. ఆడివిల్ల మొఖానికి రంగేసుకుంటే ఇజ్జత్ ఉంటదా అని. మా పెద్దబాపైతే గడపల నిలవడ్డడు. అవ్వ రాట్నం ఇడిసిపెట్టి బయిటికొచ్చింది. “నా బిడ్డ నలుగురిని నవ్విస్తది, ఎవల కొంప ముంచుతలేదు. మీరు మా పొయ్యిల కట్టె వెడుతరా? వెట్టరు. జరుగుండ్రి” అన్నది. జరిగిండ్రు మరి. గసొంటి అవ్వ, పిల్లా. గసొంటామెను...

ఛాయ్ వద్దు, ఉండు. చెప్పనియ్యి.

మొదాలు నాకు ఏం రాలే. లక్సెట్టిపేటల ఆట, గోదావరి ఒడ్డుకు డేరా. చాప మీద కూసుంటే బేడ. బేడ అంటే రెండణాలు, బేడ పెడితే గప్పుడు కడుపునిండ తినొస్తుండె. గంత పెట్టి వచ్చినోళ్లు ఊకుంటరా? నేను అప్పజెప్పినట్టు మాట్లాడుతుంటే దిగు దిగు అని ఒర్రవట్టిరి. పరేషానై మాటలు మర్సిపోయిన. గక్కడ్నే కూలవడ్డ. చేతులు ఒళ్లె వడ్డయి. కుడిచెయ్యి దానంతటదే తిరిగింది, నోరు ఒక పక్కకు వోయింది. “ఆగుండ్రి బిడ్డా, దారం తెగింది” అన్న. డేరా అదిరింది! నీకెట్ల జెప్పాలె, మీకు ఎదురుంగ జనం ఉండరు గదా. గా నవ్వు ఒక్కపారి ఇన్నంక ఇగ ఏం తిన్నా సప్పగుంటది.

కండెల లచ్చవ్వ అని పేరు వెట్టిండు మేనేజరు. మంచిర్యాల, ఆసిఫాబాదు, ఉట్నూరు. ఉట్నూరుల గోండోళ్లకు తెలుగు సగమే సమజయ్యేది, అయినా నా చెయ్యి జూసి నవ్విండ్రు. ఏ యేషం ఏస్తున్నవే అని అవ్వ ఉత్తరం రాపిచ్చింది. ఇంటిపక్క ఆమె యేషం అని నేను రాపిచ్చిన. అబద్ధమైతే కాదు.

ఎరుకలేక చేసినవ్ గదా అంటవేమో. ఎరుకే నాకు. ఎరుక గనకనే హుజూరాబాదుకు పోవద్దని మేనేజరును బతిలాడిన. మా ఊరు గాడికి మూడు కోసులు. పెద్ద అంగడి ఊరు ఎట్ల ఇడుస్తం అన్నడు. అంగడి నాడు పగటాట వెట్టిండు.

తెర సందులకెళ్లి జూసిన. ముందటి చాప మీద మా అవ్వ! మా వాడకట్టు ఆడోళ్లు ఏడెనిమిది మంది. అవ్వ కొత్త రవిక తొడిగింది. ఒళ్లె బట్ట మూట, దాంట్లె నాకోసం చేసిన సర్వపిండి. ఇయ్యాల వద్దు, ఒట్టి మాటలే చెప్పుదమనుకొని పోయిన. ఒట్టు, గట్లనే అనుకున్న. రెండు మాటలన్న, ఎవ్వలు నవ్వలే. ఎనుకకెళ్లి పోరగాండ్లు “దారం! దారం!” అన్నరు. అవ్వ దిక్కు జూసిన. జనం దిక్కు జూసిన. చేసిన, బిడ్డా. ఎప్పటికంటే ఎక్కువ చేసిన.

వాడకట్టోళ్లు ముందుగాల నన్ను జూసి నవ్విండ్రు. ఎనుక ఒకామె అవ్వ దిక్కు తిరిగింది. ఇంకొకామె తిరిగింది. అందరు తిరిగిండ్రు. అవ్వ సుత నవ్వుతనే ఉన్నది, అందరి తీర్గ. నవ్వుకుంటనే కిందికి జూసుకున్నది. చెయ్యి తిరుగుతున్నది. ఎడమచేత్తోని దాన్ని వట్టి కొంగు కింద వెట్టుకున్నది. ఆట అయ్యేదాంక తియ్యలే.

ఆట ఒడిసినంక తెర ఎనుకకు వచ్చింది. మూట ఇచ్చింది. “నేను గట్ల మాట్లాడుతనా బిడ్డా?” అని అడిగింది. కోపంగ కాదు. నిజంగనే అడిగింది, తెలుసుకుందామని. “ఎన్నేండ్ల సంది? ఎవ్వలు చెప్పకపోయిరి.” తప్పయింది అవ్వా అని కాళ్ల మీద వడొద్దా నేను? “నువ్వు గాదవ్వా, గది వేరేటామె” అన్న. ఊఁ అన్నది. బండి పోతది, పోతున్న అని పోయింది. సర్వపిండి అందరికి పంచిన, నేను ముట్టలే.

అటెనుక మానేసిన అనుకుంటున్నవా? ఇంక నాలుగేండ్లు గదే యేషం ఏసిన. గప్పుడు పెండ్లయి, మీ అమ్మ కడుపుల వడ్డంకనే కంపెనీ ఇడిసిన.

పురుటికి ఇంటికి వోయిన. ఇంట్ల రాట్నం చప్పుడు, అవ్వ పక్కింటామెతోని మాట్లాడుతున్నది. ఒక పక్క నుంచి వచ్చే గదే మాట. “ఆగు బిడ్డా, దారం తెగింది.” అబ్బ, మర్సిపోయినట్టున్నది, బతికిన అనుకొని తలుపు నూకిన. నన్ను జూసింది. దారం నోట్లెకెళ్లి తీసింది. పక్కన గిన్నెల నీళ్లు వెట్టుకున్నది, దాంట్లె కొస ముంచుకుంట దారం కలిపింది. నేనున్న మూడు నెలలు గంతే. ఊరోళ్ల ముంగట సిగ్గువోయింది ఆమెకు. నా ముంగట పోలే. కన్నబిడ్డ ముంగట నోరు సర్దుకొని మాట్లాడింది, సచ్చేదాంక. పట్నంల కొలువుజేసే దొర వచ్చినట్టు... తప్పయిందని గప్పుడు సుత అనలే. రేపంట, మాపంట అనుకుంటనే ఆమె పోయింది.

ఏడ్వకు పిల్లా, నేనే ఏడుస్తలేను, నీకెందుకు.

చెయ్యి, బిడ్డా. నీకు మంచి పేరు రావాలె, నీ కడుపు సల్లగుండాలె. నా నడక తీస్కో, నా బోసి నోరు తీస్కో. అయితే టీవీల ఏసే ముందు నన్ను గిట్ల ఎదురుంగ కూసోవెట్టి చేసి సూపెట్టు. నేను నవ్వుత, నవ్వుడు ఏమంత కష్టం గాదు. నా మొఖం జూడకు. చేతులు జూడు. కొంగు కింద దాచుకున్ననా, గక్కడ్నే ఆపెయ్యి.