కుర్చీలో ఇంటర్వ్యూ

సెలవురోజు, షట్టరు సగం దించిన సెలూన్లో కూతురు అద్దం ముందు కుర్చీలో కూర్చుంది. తండ్రి వెనక నిలబడి, రేపటి ఇంటర్వ్యూలో పెద్దమనుషులు అడిగినట్టు ప్రశ్నలు వేస్తున్నాడు.

"మా ప్రైవేటు యూనివర్సిటీలో స్కాలర్‌షిప్పంటే మాటలు కాదు. ఊరంతమంది అడిగితే గుప్పెడుమందికే ఇస్తాం. నీకే ఎందుకివ్వాలి?"

"మాకు ఫీజు కట్టే స్తోమత లేదండి."

"ఆ మాట అందరూ చెప్తారు. ఇది మెరిట్ చూసి ఇచ్చేది. అయినా తలెందుకు దించావ్?"

"ఏమో నాన్నా, దానంతటదే దిగింది."

"ఈ కుర్చీలో నేను వంచమంటేనే వంచాలి. అద్దంలోకి చూసి చెప్పు."

"లెక్క తేలకపోతే నాకు నిద్రపట్టదండి. తేలేదాకా వదలను."

"నిజమే, ఇంట్లో ఎవర్నీ లైటు ఆర్పనివ్వవు."

"నాన్నా! వాళ్ళలా అడుగు."

"సరే. నీకంటే బాగా చదివేవాళ్ళు బయట బోలెడుమంది ఉన్నారు. నీకు రాదేమో?"

"రాకపోవచ్చండి. వచ్చే ఏడు మళ్ళీ వస్తాను. ఆ పై ఏడూ వస్తాను. మీరే విసుగెత్తి ఇచ్చెయ్యాలి."

అద్దంలో ఆమె చూపు ఈసారి దిగలేదు. తండ్రి కత్తెర అందుకున్నాడు.

"ఊఁ, ఇప్పుడు వంచు తల. వెనక జుట్టు సరిచేస్తాను."