సత్యవతి వదినె మొక్కు

"అమ్మమ్మా, ఇయ్యాల మా లా క్లాసుల మతం పేరు మీద చట్టం నుంచి ఇచ్చే మినహాయింపుల గురించి చెప్పిన్రు. అసొంటిది నువ్వెప్పుడన్న చూసినవా?"

చూసుడేంది బిడ్డా, నెత్తి మీద మోసిన. నవ్వకు, నిజంగనే మోసిన.

గప్పుడు తెలంగాణ కొట్లాట మస్తు జోరు మీదుండె. మేము తార్నాకల కిరాయికుంటుంటిమి, మీ తాత ఇంక ఉన్నడు. పక్కనే యూనివర్సిటీ, క్యాంపస్ చుట్టు పోలీసోళ్లు, ముండ్ల కంచెలు. నూట నలభై నాలుగు పెట్టిన్రు, ఐదుగురు ఒక్క తాన కూడొద్దు. పెండ్లికి, పీనుగుకు, దేవుని పూజకు మాత్రం మాఫీ అని మైకుల చెప్పుకుంట తిరిగిన్రు. లోపల హాస్టల్లల్ల మెస్సులు బందయినయి. పిల్లలు రెండొద్దుల సంది బిస్కెట్లు తిని ఉన్నరని పాలాయన చెప్పిండు. నాకు పానం ఆగలె.

క్యాంపస్ లోపల చెట్ల నడుమ చిన్న ఎల్లమ్మ గుడి ఉండె. బోనాలు తీస్తె ఎవలు ఆపుతరు? బోనంల ఉండేది అన్నమే గద! గల్లీల ఆడోళ్లను అడిగిన. ఏడుగురమైనం... కాదు కాదు, నాతోని ఆరుగురమే. ఏడో ఆమె సత్యవతి వదినె.

పక్కింటామె. గుడివాడ దిక్కోళ్లు, ఆయన సర్కారు ఆఫీసుల క్లర్కు. కొట్లాట మొదలైనంక ఆమె బయటికెల్లుడే తక్కువ చేసె, ఎవలేమంటరోనని. నేను పిలువలె ఆమెను, నిజం చెప్తున్న. ఇరకాటంల పెట్టినట్టయితదని. తానే తలంటుకొని, కుండకు పసుపు రాసుకొని వచ్చి నిలబడ్డది.

"పిల్లలు పస్తులుంటే నాకు ముద్ద దిగుతుందా వదినా? కానీ అమ్మవారి దగ్గర అబద్ధం వద్దు. నిజంగానే మొక్కుకుందాం" అన్నది.

కంచె కాడ ఇన్స్పెక్టర్ అడ్డం నిలిచిండు. "ఇది ఆషాఢమా? చలికాలంల బోనాలేందమ్మా?" మాతోని వచ్చిన ఒకామె అయితె ఎనుకకు మర్రబోయింది. వదినె ముందుకొచ్చె.

"మొక్కు నాదండీ. లోపల పిల్లలు చల్లగా ఉండాలని మొక్కుకున్నాను. వీళ్లంతా నా కోసం వచ్చారు."

ఆ యాస ఇనంగనె ఆయన మొకం మారె. "మీరు ఆంధ్రోళ్లా?"

"అవునండీ."

ఆమె మొగనిది సర్కారు నౌకరి, ఈమె పేరు రాసుకుంటె గంతే సంగతి. ఇన్స్పెక్టర్ కుండల దిక్కు చూసి, "గంటల మళ్లి రావాలె" అని కంచె జరిపిచ్చిండు.

ముందుగాల ఎల్లమ్మకు పెట్టినం, అటెన్క పిల్లలకు. ఏడు కుండలు ఎందరికొస్తయి? తలా రెండు ముద్దలు. ఒకామె, చదువుకునే పిల్లనే, తినుకుంట వదినెను అడిగింది, "మీది ఏ ఊరమ్మా?" అని.

"తార్నాకమ్మా" అన్నది వదినె. "ఇంకొంచెం పెట్టనా?"

రాష్ట్రం వచ్చిన నాడు ఉరికి ఆమె నోట్లనే మిఠాయి పెట్టిన. నవ్వుకుంట తిన్నది. ఎన్కాల ఆఫీసులు పంచుకున్నరు గద, వదినె మొగని పేరు ఆంధ్ర దిక్కు పడ్డది. లారీల సామాను ఎక్కినంక నా చెయ్యి వట్టుకొని నిలబడ్డది. నేను కోరుకున్నదే అయింది బిడ్డా. గాని గిది కోరలె.

ఫోన్లు చేసేది. "తార్నాకలో వాన పడుతోందా వదినా? హబ్సిగూడ రోడ్డు మునిగిందా?" అని అడిగేది. పడకపోయినా పడుతున్నదని చెప్పేదాన్ని, ఆమెకు సంతోషమని. నిరుడు ఆమె బిడ్డ చేసింది ఫోను... ఇగ వాన పడ్డా ఎవలకు చెప్పాలె?

ఏందో, నువ్వు క్లాసు గురించి అడిగితె నేనేడికో పోయిన. చల్లగ చదువుకో తల్లీ. నీకు గూడ, పిలువకున్నా వచ్చి పక్కన నిలబడే మనిషి ఒక్కలన్న దొరకాలె.