ఫారిన్ సీర కట్టిన మీ తాత

“అవ్వా, మీ కాలంలో దేన్ని జూసినా ఫారిన్ ఫారిన్ అనేవాళ్ళంట గదా. అంటే ఏంది?”

ఏందా? నువ్వడిగితే నాకు నవ్వొస్తా ఉండాది మే. ఫారినంటే ఏ దేశమో మాకెవురికి తెలుసు? మెరిస్తే ఫారిన్, వాసనొస్తే ఫారిన్. ఎదురింటి రాజమ్మ తెల్ల వంకాయలు తెచ్చి, ఫారినని సెప్పి, కూర గూడా సెయ్యకుండా వీధంతా సూపించింది. నమ్ము.

నాకు మా సిన్నమామ, అంటే మా అమ్మ తమ్ముడు, మద్రాసు నుంచి ఫారిన్ సరుకని ఒగ నైలాన్ సీర తెచ్చినాడు. రోజాపూల రంగు. దాని ధరకి అప్పుట్లో బియ్యం మూట వచ్చేదిలే. ఆడోళ్ళంతా వచ్చి తాకేది. సెయ్యి కడుక్కోని రాండి అనేదాన్ని, అంత పొగరు నాకు. కట్టింది మటుకు లేదు. కవరుతోనే పెట్టెలో పెట్టి, దినామూ తెరిసి సూసి మూసేది.

ఆ యేడే మీ నాయనకి అమ్మోరు పోసింది. పసిబిడ్డ గదా, బతుకుతాడనుకోలేదు. తగ్గితే గంగమ్మ జాతరకి ఆడేసం కడతానని మీ తాత మొక్కుకున్నాడు. మన తిరపతిలో మొగోళ్ళు కడతారు గదా, సీర, గాజులు, పూలు. మీ తాతకా, ఇంత మీసం. బిడ్డకి నయమయింది. నేను నా పాతసీర తీసిస్తే మా అత్త ఒప్పుకోలా. “బిడ్డని కాపాడిన తల్లికి పాతగుడ్డా? కొత్తది తియ్” అనింది. ఇంట్లో కొత్తదంటే అదొగటే. నా పానం పోయినట్టాయ. బిడ్డ మొక్కు, కాదనేదెట్ల?

నేనే కట్టినా, నా సేతుల్తో. నైలాను యాడ నిలుస్తాది? మీ తాతకి నడుమేది? మొలతాట్లో దోపితే జారె, బెల్టు పెడితే జారె. గుడి ముందర తప్పెట్లు కొడతా ఉంటే ఈయనకి ఊపొచ్చి ఎగిరినాడు. కుచ్చిళ్ళన్నీ ఊడి కిందబడె. లోపల గళ్ళ నిక్కరు. తప్పెట్లోళ్ళు గూడా కొట్టేది ఆపి నవ్విరి. నేను మొదుట్లో ఏడ్సినా, నా సీర తొక్కుతా ఉండారని. మళ్ళ ఆయన మీసానికి పసుపు బూసుకోని, సీరంతా వాటేసుకోని నిలబడింది జూసి... అబ్బ, నవ్వి నవ్వి కడుపునొప్పి.

ఇంటికొచ్చి, “పాడు జేసినానే, ఏమనుకోబాక” అన్నాడు, మొగం సిన్నబుచ్చుకోని. సీర నిండా పసుపు మరకలు, అంచు కాడ చినుగు. తెల్లారి అదే సీర కట్టుకోని, మీ నాయన్ని సంకనేసుకోని గంగమ్మ కాడికి పోయినా. వీధంతా సూసిరి, సూడనీ. వాడు నా కొంగు నోట్లో బెట్టుకోని నమలతా ఉండాడు. నేనేమో గాల్లో నడిసినట్టు పోతా ఉండా. అంత సంతోషం మళ్ళ యాడ దొరికింది?

నువ్వు గూడా బీరువాలో కొత్తవి దాయబాక తల్లీ, కట్టుకో. బిడ్డాపాపలతో సల్లంగుండు. మీ తాత ఉంటే ఇప్పుడు నిన్ను జూసి మీసం దువ్వుకుంటా మురిసిపోయేవాడు.