ఏలు పెట్టి తీసిన వచనం

మూయి. ఆ పుస్తకం మూయి రా ఏసురాజూ, చెప్తాండా గదా. కండ్లు మూసుకోని, పుస్తకం తెరిచి, నా ముందరనే ఏలు పెడ్తాండావా? కర్నూలు మిల్లులో పనికి పోవాల్నా వద్దా అని దేవుణ్ణి ఏలుతో అడుగుతాండావు! ఇరవై ఏండ్లొచ్చినాయి, మీసమొచ్చింది, బుద్ధి యాడ పెట్టినావప్పా? నవ్వొద్దు. నాకు నవ్వొచ్చే సంగతి కాదిది. ఇట్లనే, అచ్చం ఇట్లనే, ఏలు పెట్టి తీసిన ఒక్క వచనంతో నా పెండ్లానికి, మీ అవ్వకు, ఈ ఊర్లో పిడికెడు మన్ను లేకుండా చేసినారు. ఏం చూస్తాండావు? మీ నాయన చెప్పలేదా? వానికేం తెల్సు, అప్పుడు పాలు తాగే బిడ్డ. నేనూ చెప్పలా. కూసో. ఈ ఎండలో మిల్లు యాడికీ పోదు.

నీకు లేవి తెల్సునా? ఆ గుట్ట మొగదల రెండు సమాధులుండాయి గదా, ఒకటి మీ అవ్వది, పక్కనుండేది లేవిది. చుట్టం కాదు, పక్కం కాదు. రాయచోటి తట్టు నుంచి నాపరాళ్ల గనిలో పనికి వచ్చినోడు. ఎత్తు మనిషి, బొంగురు గొంతు, ఎడమచేతి బొటనేలికి గోరు ల్యా, సుత్తె తిన్న్యాది దాన్ని. ఈ ఊరికి వచ్చినబ్బుడు అప్పటి నా మాదిరి ఏలిముద్రగాడే. ముప్పై ఏండ్లు దాటినాక చదువు నేర్చుకున్నాడు. గనిలో పగిలిపోయిన పలక ఒకటి ఇంటికి మోసుకోనొచ్చి, దాని మీద బొగ్గుతో దిద్దుకుంటా. అందరూ నవ్వినారు. "ఏం లేవీ, కలెక్టరు పని ఇస్తాండారా?" అని. "ల్యా, పుస్తకంలో ఏముండాదో ఇంగొకరి నోటితో ఎన్నాళ్లు తినల్ల?" అనేటోడు. ఇంగొకడు నమిలి పెడితే తినేది పండ్లు లేని ముసిలోడు కదప్పా, పండ్లుండే మగోనికి ఏం రోగం అనేటోడు.

వాడు చదివే తీరు చెప్తా విను. తెల్లారి గనికి పోకముందర ఒక్క పుట. ఒక్కటే. మొదటి పుట నుంచి వరసగా. ఎవురు ఎవుర్ని కన్న్యారో పేర్లుంటాయి చూడు పుటలు పుటలు, మనమంతా దాటేస్తాం, వాడు అవి గూడా వదల్ల్యా. మధ్యాన్నం సంగటి తినేటబ్బుడు ఆ పుటనే నమిల్తా కూసుంటాండె. ఇది ఎవురన్న్యారు? ఎవురితో అన్న్యారు? దీనికి ముందర ఏముండె? ఇదే గోల. పక్కనోళ్లకు ఇసుగు. ఒకసారి నేనే అంటి, "ఏంటికి అన్నా ఇంత తంటా, ఒక మంచి మాట ఏరుకోని పొయ్యేదానికి?" అని. సుత్తె ఆడ పెట్టి, "ఏసేపూ, నాపరాయికి పొర ఉంటాది గదా. పొర చూడకుండా నడిమధ్యలో ఉలి పెట్టి కొడితే ఏమైతాది?" అన్న్యాడు. "పలక పగుల్తాది." "మాట గూడా అంతే" అని మల్ల సంగటి తినుకున్న్యాడు. అంతే. శానా మాట్లాడే మనిషి కాదు. అడిగేది మాత్రం అడుగుతాండె. చర్చిలో ఉపదేశి ప్రసంగం చెప్తాంటే నడుమ లేచి, "అయ్యా, అది యాడ రాసుండాది?" అనేటోడు. ఆడోళ్లు కొంగులు నోట్లో కుక్కుకుంటాండ్రి. పిల్లోళ్లు వానికి యాడరాసుండాది లేవి అని పేరే పెట్టినారు.

ఉపదేశి దావీదురాజు అని. చెడ్డోడు కాదు, ఆ మాట నేను అనను. మన పేటకు ఇస్కూలు పెట్టింది ఆయప్పే. కానీ ఆయన్ది ఒక అలవాటు. ఎద్దు తప్పిపోయినా, పిల్ల సంబంధమొచ్చినా, ఎవురన్నా పోయి అడిగితే కండ్లు మూసుకోని ప్రార్థన చేసి, పుస్తకం తెరిచి, ఏలు పెట్టి ఆ వచనం చదివి చెప్పేటోడు. ఊర్లో సోది చెప్పే ఆమె చాట ముందర పెట్టుకోని చెప్తాది గదా, మనకు చాట బదులు పుస్తకం. జొరమొస్తే ఆ పుస్తకమే దిండు కింద పెట్టుకుంటాంటిమి. చదివేదానికి తప్ప అన్నిట్లకూ పనికొచ్చె.

ఆ ఏడు గత్తర వచ్చింది. నలభై ఏండ్లాయె. వాంతులు, భేదులు, పొద్దున మంచిగుండిన మనిషి సాయంత్రానికి పీనిగ. వారంలో మన పేటలోనే పదకొండుమంది. దావీదురాజు సొంత బిడ్డలిద్దరు ఒకే దినం పోయినారు, ఆయన చేతుల్తోనే పూడ్చుకున్న్యాడు. మీ నాయనకూ వచ్చింది. బాలస్వామి, రెండేండ్లోడు, కండ్లు లోపలికి పొయ్యినాయి, ఏడ్సేదానికి గూడా నీళ్లు లేవు వాని ఒంట్లో. ఊరోళ్లు సుంకులమ్మ కట్టకాడ కోళ్లు కోస్తాండారు. మన ఇంట్లో ఎర్రకోడి ఒకటుండె. ఒక పొద్దున ఆ కోడి కనపడకపాయ. బిడ్డ నొసట కుంకుం. బిడ్డ బతికినాడు. కోడి వల్ల బతికినాడా, గంజినీళ్ల వల్ల బతికినాడా, నన్నడగొద్దు. మీ అవ్వ గిడ్డమ్మ రాత్రీ పగలూ ఉప్పేసిన గంజినీళ్లు గుడ్డతో పిండుతానే ఉండె. బాప్తిస్మంలో ఆమెకు కృపమణి అని పేరు పెట్టినారు గానీ ఒక్కరూ ఆ పేరుతో పిలిచిన పాపాన పోలా.

కుంకుం చూసినారు. ఉపదేశి వచ్చి అడిగినాడు. "నేనే అయ్యా" అనె గిడ్డమ్మ. తల ఒంచుకోని, అంతే. నాలుగు దినాలకు ఆమెకే తగులుకునింది. తెల్లారేసరికి పాయ.

ఇంగ పూడ్సల్ల. సంఘ పెద్దలు చర్చి ముందర చేరినారు. విగ్రహానికి కోడినిచ్చిన మనిషిని సమాధుల దొడ్లో పెట్టచ్చునా? ఆ కోడి వల్లనే దేవునికి కోపమొచ్చి ఇంకా ప్రాణాలు పోతాండాయేమో? ఒకరు అదంటే ఒకరు ఇదనె. ఆకరికి, "అయ్యా, వచనం తీయి" అన్న్యారు. దావీదురాజు పుస్తకం తీసుకున్న్యాడు. కండ్లు మూసినాడు, తెరిచినాడు, ఏలు పెట్టినాడు. పుస్తకం చివరాకర పడింది ఏలు. కుక్కలు, మంత్రగాండ్లు, విగ్రహాలకు మొక్కినోళ్లు బయట ఉంటారు అని. అంతే! "ఇంగేముండాది, దేవుడే చెప్పె, బయటే" అన్న్యారు. నేను ఆడనే నిలబడుకోనుండా. మీ అవ్వ ఇంట్లో చాప మీద. ఈగలు. ఎండ ఎక్కుతాండె.

లేవి గని నుంచి అట్లే వచ్చినాడు, సుత్తె భుజాన పెట్టుకోని, ఒళ్లంతా రాతిదుమ్ము. సంగతి విన్న్యాడు. "అయ్యా, ఆ ఏలు అట్లే పెట్టు, తియ్యొద్దు. ఇంగ రెండు వచనాలు కిందికి జరుపు" అన్న్యాడు. పుస్తకం తెరవకనే చెప్తాండాడు, చూస్కో! ఉపదేశి జరిపి చదివినాడు. దప్పిగొన్నోళ్లు ఎవురన్నా రావచ్చు, జీవజలం ఊరికే తాగచ్చు అని ఉండాది. దప్పిక! గత్తరలో పోయినోళ్లు ఏమడుగుతా పోయినారప్పా? నీళ్లే గదా. ఆడోళ్లు భోరుమన్న్యారు. "అదీ మాట! లేవి గెలిచినాడు!" అని ఒగడు అరిసినాడు.

గెలిచినోడు ఏం జేయల్ల? పీనిగెను లేపుకోని పోవల్ల గదా. వాడు ఏమన్న్యాడో తెల్సునా? "ఆగండి" అన్న్యాడు. "ఆయన ఏలు పెట్టి ఒకటి తీసె, నేను రెండు దాటి ఇంగొకటి తీస్తి. ఇద్దరం సోదిగాండ్లమే అయితిమి. నాకు నచ్చిన వచనమైతే మాత్రం అది తీర్పు అయితాదా? విగ్రహానికి మొక్కద్దని పుస్తకమంతా ఉండాది. మొదటి నుంచి చివరిదాకా ఉండాది. నేను దాన్ని దాచను. కోడినిచ్చింది తప్పే." వాడు నా పక్క ఉండాడా, వాళ్ల పక్క ఉండాడా అని నాకు కడుపు మండిపాయ. "కానీ ఆ పుస్తకమే ఇంగొకటి చెప్తాది. ఇద్దరు ముగ్గురు సాక్షులు లేకుండా మనిషికి తీర్పు తీర్చద్దని, ఒకసారి కాదు, శానాసార్లు. గిడ్డమ్మ కోడిని తీసుకోనిపోయేది ఎవురు చూసినారు?" "ఆయమ్మే ఒప్పుకున్న్యాది గదప్పా!" అన్న్యారు పెద్దలు. "చూసినోళ్లు ఎవురని అడుగుతాండా." మూడుసార్లు అడిగినాడు. ఒక్కరూ నోరు తెరవలా. నేనూ తెరవలా.

అప్పుడు పెద్దల్లో ఒగాయన, "సాక్షులు లేకపోతే ఏమి, మన దొడ్డి మన ఇష్టం" అనె. ఆ మాటకు లేవికి కోపమొచ్చె. ఆ మనిషి గొంతెత్తింది నేను అదొక్కసారే విన్న్యా. "మీ ఇష్టమా? ప్రభువును అమ్మినోడు ఆ దుడ్లు ఇసిరికొట్టి పాయ గదా, వాటితో యాజకులు ఏం కొన్న్యారు? చెప్పండప్పా! దిక్కులేని పరదేశుల్ని పూడ్సేదానికి నేల కొన్న్యారు. ప్రభువును సంపించినోళ్లు, ఆయన రత్తం దుడ్లతో, ముక్కూ మొగం తెలీనోళ్లకు మన్నిచ్చినారు. ప్రభువు పేరు పెట్టుకున్న మీరు మీ గిడ్డమ్మకు ఇయ్యరా? ఏడేండ్లు ఆయమ్మ వండే ప్రతి కుండలోనుంచి పిడికెడు జొన్నలు తీసి ఈ చర్చికి తెచ్చింది. గత్తర వారంలో గూడా తెచ్చింది. ఆ పిడికెడు తిన్న్యారు. పిడికెడు మన్ను లేదా మీకాడ?"

ఇచ్చినారా అంటావా? ఇయ్యలా. కథల్లో అయితే ఇస్తారు. తల దించుకున్న్యారు, దొడ్డి గేటు మాత్రం తీయలా. భయం నాయనా. బిడ్డల్ని పూడ్చినోని భయం. భయపడినోడే ఏలు పెడ్తాడు, అది గుర్తుపెట్టుకో. గుట్ట మొగదల లేవికి అరెకరా గరుసు నేల ఉండె, ఉలవలు తప్ప ఏమీ పండదు. "పా ఏసేపూ" అన్న్యాడు. ఇద్దరమే మోసినాం, ఇద్దరమే తవ్వినాం. ఉపదేశి రాలేదు గాబట్టి ప్రార్థన వాడే చెప్పినాడు. ఒకటి మాత్రం చూడు, ఆ పొద్దు ఆ మాటలన్నీ ఎతుక్కునేదానికి వానికి టైముండెనా? పీనిగ కాచుకోనుంటాదా? పన్నెండేండ్లు తెల్లారితే ఒక పుట, ఒక పుట, వాడు నింపి పెట్టుకున్న్యాడు. కరువొచ్చినాక పాతర తవ్వితే జొన్నలొస్తాయా? ముందర పోసిపెట్టినోనికి వస్తాయి.

నన్నేమి అట్ల చూస్తాండావు? అడుగు. అడిగేదానికి నోరు రావడం ల్యా? సరే నేనే చెప్తా. ఆ కోడిని సంకలో పెట్టుకోని సుంకులమ్మ కాడికి పోయింది మీ అవ్వ కాదు. నేను. వద్దు వద్దని కాళ్లు పట్టుకునింది. బిడ్డ సస్తాంటే నీ పుస్తకం ఏమిస్తాదే అని ఇదిలించుకోని పోతి. ఆ నెలలోనే నాకు చర్చిలో కానుక పళ్లెం పట్టే పని ఇచ్చినారు. పళ్లెం పట్టేటోని మర్యాద పోతాదని "నేనే అయ్యా" అనేసింది ఆమె. లేవి మూడుసార్లు అడిగినాడంటినే, ఆ మూడుసార్లూ నా నాలుక ఈడనే ఉండె, నా నోట్లోనే.

పూడ్చినాక రెండో దినం పోయి లేవి ముందర ఏడిస్తి. వాడు ఓదార్చలా. "నాకు చెప్తే ఏం లాభం? ఆమె అందరి ముందర ఒప్పుకునింది గదా, నువ్వూ అందరి ముందర చెప్పు" అన్న్యాడు. ఆదివారం లేచి చెప్తి. పళ్లెం ఆ బల్ల మీద పెట్టి చెప్తి. సంవత్సరం వెలి వేసినారు. ఎయ్యండి అంటి. ఆ సంవత్సరమంతా సాయంత్రం గుట్ట కాడికి పోతాంటి. లేవి ఒక మంచి పలక, పొర చూసి తీసింది, ఆమె తల కాడ నిలబెట్టి పేరు చెక్కినాడు. పలక మీద నా ఏలు పట్టుకోని ఆ గీతల్లో తిప్పిచ్చినాడు. గి. డ్డ. మ్మ. ఈ లోకంలో నేను మొట్టమొదట చదివింది పుస్తకం కాదు నాయనా, మీ అవ్వ పేరు. ఏలు పెట్టేది దానికి. అర్థమాయెనా? అక్షరం మీద పెట్టాల ఏలు, కండ్లు తెరుచుకోని.

తెల్లదొరలు దేశమిడిసి పోతాండారంట, చర్చీలు ఏమైతాయో అని మీరంతా గుసగుసలాడ్తాండారు. పోనీ. పుస్తకం వాళ్లు మోసుకోనిపోరు. చదివేటోడు ఈడ ఉండల్ల, అంతే. మిల్లుకు పోతావో లేదో నువ్వు యోచన చెయ్, దేవుడు నీ తల నీకే ఇచ్చినాడు.

ఎండలో కట్టేసిన ఆ ఎద్దును నీడకు మార్చుపో. నాలుక ఎల్లబెట్టింది, చూడలేదా?