జమ్మలమడుగు జెర్సీ

అది కాదు నారాయణప్పా, ఓడిపోయినందుకు కాదు నా బాధ. ఓడిపోయేది మనకేమన్నా కొత్తా? ప్రొద్దుటూరు ఆడపిల్లల బాస్కెట్‌బాల్ టీముకు నువ్వు కోచ్‌గా వచ్చింది, నేను జెర్సీలు కుట్టేది మొదలుపెట్టింది ఒకే ఏడు. మనం చూడని ఓటమి ఏముంది!

కూచో. ఆ గుడ్డముక్కలు పక్కకు నూకి కూచో.

పొద్దున మన పిల్లల ఆటలన్నిటికీ వచ్చే అల్లాబక్ష్ వచ్చి ఈడ్నే రచ్చ చేసిపాయె. "పులివెందులోళ్లు అల్ఫియాను ఇస్తామన్నప్పుడు తీసుకోనుంటే మనకీ గతి పట్టునా, జాఫర్ మామా?" అంటాడు. వాడనేది తప్పా? పోయినేడు వాళ్లడిగిందేంది? టోర్నమెంటు వరకు మన బెంచీమింద కూచునే పిల్లను ఒకదాన్ని ఇయ్యమన్నారు. బదులుకు, బాలు పట్టుకుంటే సందుల్లో పాము మాదిరి దూరిపోయే అల్ఫియాను పంపిస్తామన్నారు.

నువ్వేమంటివి? "పులివెందులకు మన పిల్లనిచ్చి వాళ్ల పిల్లను తెచ్చుకునేదానికి ఇదేమన్నా కుండమార్పిడి పెండ్లా?" అంటివి. అందరూ చప్పట్లు కొట్టిరి. నేనూ కొడితి, లేదనను.

సరే, బయటోళ్లు వద్దు. ఉన్నోళ్లనన్నా తయారు చేసుకోవాలా వద్దా?

మన ప్రత్యూషనే తీసుకో. కలమల్ల నుంచి బస్సెక్కి వస్తాది పాపం. వంగకుంటే ఈ అంగట్లోకి రాలేదు, అంత పొడుగు పిల్ల! ఏం నేర్పినావు దానికి? "రింగు కింద నిలబడు, బాలొస్తే పైకెయ్." అంతే కదా? టెంకాయలు తెంపే గెడ మాదిరి నిలబెట్టినావప్పా! నేలకు బాలు కొట్టుకుంటా నాలుగడుగులు ముందుకు పోతే చాలు, విజిలేస్తావు. పొడుగోళ్లకు అది పని కాదంటావు. ఎవరు చెప్పినారప్పా ఆ మాట?

కోపం చేసుకోవాకు. నీ కష్టం నాకు తెల్దా? ఇంట్లోనుంచి శనక్కాయలు ఉడకబెట్టుకొచ్చి పిల్లలకు పెడతావు. పెట్టేది వేరు, నేర్పేది వేరు.

ఏందీ? అవును, అది జమ్మలమడుగోళ్ల ఆర్డరే. మూడూర్ల జెర్సీలూ ఈ మిషను మిందనే కదా కుట్టేది. మడత ఇప్పొద్దు... ఇప్పుతాండావా. సరే, ఇప్పు. వీపు పక్క చూడు.

ప్రత్యూషలు జిల్లాలో శానామంది ఉంటారంటావా? పేరు ఇడ్సిపెట్టు. ఆ పొడుగు చూడు. ఆ కొలత ఇంకెవరికుందప్పా?

నిన్న పిల్లే వచ్చింది. "ఏందమ్మా, మనల్ని ఇడ్సిపెట్టి పోతాండావా?" అంటి. తల ఎత్తలా. "ఆడ నన్ను బాలు కొట్టుకుంటా పోనిస్తారంట మామా. సార్‌కు ఎట్లా చెప్పాల్నో తెలీలే. నువ్వే చెప్పు" అనె.

ఇదో, చెప్తాండా.

కుట్టనని అనుండొచ్చు కదా అంటావా? నేను అంటే జెర్సీ ఆగుతాది. పిల్ల ఆగుతాదా?

ఆదివారం జమ్మలమడుగోళ్ల ఆట మనతోనే. రింగు కింద మనోళ్లు ఎట్లా పట్టి గుంజుతారో నాకు తెల్దా, నేర్పింది నువ్వే కదా. అందుకే భుజాలకాడ, చంకల్లో డబుల్ కుట్టు ఏసినా. మన జెర్సీలకు ఏనాడూ ఎయ్యలా, ఒట్టు.

ఏం చేసేదప్పా. మడతేసి ఆడ పెట్టు. నలగనియ్యాకు.